కాటా ఎక్కనివ్వనన్న ప్రయాణికురాలు

1974 వేసవిలో నేను గన్నవరం విమానాశ్రయంలో లోడరుగా పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి మూడేళ్ళు. నా పేరు ఏసోబు. మాది పక్కనే ఉన్న కేసరపల్లి. మిషన్ బడిలో ఐదో తరగతితో నా చదువు ఆగింది. సామాన్ల మీద చీటీలు కట్టడం, వాటి మీద ఊరి పేరు రాయడం తప్ప ఇంత పొడుగు రాత ఎప్పుడూ రాయలేదు. ఎక్కడైనా తడబడితే సర్దుకుని చదువుకోండి. లోడరంటే మూటలు మోసేవాడే కదా, అందులో రాయడానికి ఏముందని మా ఇంట్లోవాళ్ళే అన్నారు. మూటలు మోయడమే మా పని, కాదనను. కాకపోతే ఆ మూటల బరువు, ఎక్కే మనుషుల బరువు కలిపి లెక్క కుదిరితేనే విమానం నేల విడుస్తుంది. ఆ లెక్క దగ్గర ఒకరోజు జరిగిన సంగతి ఇది.

ముందు మా సంస్థ గురించి కొంచెం చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో విమానాలు నడిపే ప్రైవేటు కంపెనీలు చాలా ఉండేవి. కొన్నేళ్ళకు ప్రభుత్వం వాటిని తీసుకుని రెండు సంస్థలుగా చేసింది. ఒకటి విదేశాలకు తిప్పడానికి, ఇంకొకటి దేశం లోపల తిప్పడానికి. మాది ఆ రెండోది. మా హెడ్ లోడరు డకోటాల కాలం నుంచి ఉన్నవాడు. డకోటా అంటే యుద్ధంలో సైన్యానికి సామాన్లు మోసిన విమానం. యుద్ధం అయిపోయాక వాటిని కొనుక్కుని, సీట్లు బిగించి, జనాన్ని ఎక్కించారు. దాని చిన్న చక్రం తోక కింద ఉండేది. అందువల్ల నేల మీద నిలబడినప్పుడు ముక్కు పైకి లేచి, తోక కిందికి దిగి ఉండేది. ప్రయాణికులు వెనక తలుపులోంచి ఎక్కి, లోపల గుట్ట ఎక్కినట్టు నడిచి ముందు సీట్లకు పోవాల్సి వచ్చేదట. నేను చేరేనాటికి మా దారిలో రెండు పంకాలున్న కొత్త రకం విమానాలు తిరుగుతున్నాయి. వాటిలో నేల సమంగా ఉండేది, పైకి వెళ్ళాక లోపలి గాలి ఒత్తిడిని సర్దే ఏర్పాటు ఉండేది.

ప్రయాణికులకు సేవలు బెజవాడలోని సిటీ ఆఫీసు దగ్గరే మొదలయ్యేవి. అక్కడ టికెట్టు చూపిస్తే మా కోచి, అంటే బస్సే, గన్నవరం తెచ్చి దింపేది. సొంత కార్లున్నవాళ్ళు నేరుగా వచ్చేవాళ్ళు. లోపల ఎయిర్ హోస్టెస్ పళ్ళెంలో పిప్పరమెంట్లు, దూది తెచ్చి అందరికీ ఇచ్చేది. చెవులు దిబ్బడ వేయకుండా అవి. తర్వాత చిన్న అట్టపెట్టెలో ఫలహారం, కాఫీ. వాంతి వచ్చేవాళ్ళ కోసం సీటు ముందు కాగితం సంచి. మా డెల్టా ప్రయాణికుల్లో నెయ్యి డబ్బా గానీ ఆవకాయ జాడీ గానీ లేకుండా మద్రాసు వెళ్ళే మనిషిని నేను చూడలేదు. జాడీ మూతికి గుడ్డ కట్టి, దాని మీద పురికొస చుట్టి తెచ్చేవాళ్ళు. ఎంత చుట్టినా పైకి వెళ్ళాక నూనె పొంగేది. మద్రాసు లోడర్లు మా స్టేషను సామాను వాసన చూసి గుర్తుపట్టేవాళ్ళని అక్కడికి బదిలీ మీద వెళ్ళినవాళ్ళు చెప్పారు.

ఇక బరువు సంగతి. మామూలు రోజుల్లో ప్రయాణికుల్ని తూచేవాళ్ళం కాదు. మగవాళ్ళకు ఇంత, ఆడవాళ్ళకు ఇంత అని పైవాళ్ళు నిర్ణయించిన ఒక ఖాయం బరువు ఉండేది. ట్రాఫిక్ అసిస్టెంటు దాన్నే లోడ్ షీటులో వేసి, సామాను బరువు మాత్రం నిజంగా తూచి కలిపేవారు. లోడ్ షీటంటే విమానంలోకి ఎక్కే బరువంతా రాసి కెప్టెనుకు ఇచ్చే కాగితం. కానీ మే నెల ఎండల్లో ఇది సరిపోయేది కాదు. వేడికి గాలి పలచబడుతుంది. పలచని గాలిలో విమానం రోజూ ఎత్తే బరువు ఎత్తలేదు. అలాంటి రోజు కెప్టెను, ఇవాళ ఇంతకు మించి ఎక్కించవద్దు, అందర్నీ నిజంగా తూచండి అనేవారు. అప్పుడు ప్రయాణికులు చేతిసంచీతో సహా సామాను కాటా ఎక్కాల్సిందే. అది ఇనప పలక ఉన్న పెద్ద కాటా. మనిషి ఛాతీ ఎత్తున గుండ్రటి అద్దం, అందులో ముల్లు. ముల్లు చూసి బరువు పైకి చదవడం నా పని. బల్ల దగ్గర కూర్చున్న ట్రాఫిక్ అసిస్టెంటు రాసుకునేవారు. బయట విమానం చప్పుడు ఉంటుంది కాబట్టి గట్టిగా అరిచి చదవాలి. అదే మాకు నేర్పిన పద్ధతి.

ఆ రోజు హైదరాబాదు నుంచి వచ్చి మద్రాసు వెళ్ళే మధ్యాహ్నం విమానం. దిగగానే కెప్టెను మా స్టేషన్ మేనేజరు మూర్తి గారికి ఆ రోజు ఎక్కించదగ్గ బరువు చెప్పారు. అది చాలా తక్కువ. ముందుగా సరుకు ఆపేశారు. నూజివీడు మామిడిపళ్ళ బుట్టలు అప్పటికే బండి మీదికి ఎక్కించి ఉన్నాయి. వాటిని మళ్ళీ షెడ్డులోకి తోసేశాం. ఇక మిగిలింది మనుషులూ, వాళ్ళ పెట్టెలూ. ట్రాఫిక్ అసిస్టెంటు రహంతుల్లా గారు బల్ల దగ్గర కూర్చున్నారు. నెమ్మదైన మనిషి, ఎవరినీ కసరడం నేను చూడలేదు. నేను కాటా పక్కన నిలబడ్డాను. వరస మొదలైంది.

వరసలో ముందున్నది కోటయ్య గారు. బెజవాడ వన్ టౌనులో బెల్లం టోకు కొట్టు ఆయనది. మంచి భారీ మనిషి. కాటా ఎక్కగానే ముల్లు గిర్రున తిరిగింది. నేను అలవాటు ప్రకారం అరిచాను.

"తొంభై ఎనిమిది!"

వరసంతా నవ్వారు. కోటయ్య గారు దిగుతూ, "ఏవయ్యా ఏసోబూ, కాస్త మెల్లగా చదవరాదూ? మా ఆవిడ గుంటూర్లో పుట్టింట్లో ఉంది. ఇప్పుడు ఆవిడక్కూడా వినపడే ఉంటది" అన్నారు.

"పద్ధతండి" అన్నాను.

"నీ పద్ధతి బంగారం గానూ" అని రుమాలుతో మెడ తుడుచుకుంటూ పక్కకు జరిగారు.

ఒక్కొక్కరూ ఎక్కి దిగుతున్నారు. చివర్లో ఇద్దరు ఆడవాళ్ళు. చల్లపల్లి నుంచి టాక్సీలో వచ్చారు. పెద్దావిడ వెంకాయమ్మ గారు, అరవై దాటిన మనిషి, వేళ్ళకు లావు ఉంగరాలు. వెంట కోడలు సుభద్రమ్మ. ఆవిడకు ఏడో నెల. కడుపుతో ఉన్నవాళ్ళు విమానం ఎక్కాలంటే ప్రయాణం చేయవచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాలి, వెంట ఒక మనిషి ఉండాలి. రెండూ సరిగ్గానే ఉన్నాయి. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదనీ, ఈసారి ఏడో నెల రాగానే వచ్చి చేరిపొమ్మని మద్రాసు డాక్టరమ్మ చెప్పిందనీ, రాత్రంతా రైలు కుదుపులు వద్దన్నారనీ, కొడుకు ముందే వెళ్ళి ఆస్పత్రిలో గది తీసుకుని ఎదురుచూస్తున్నాడనీ వెంకాయమ్మ గారే రహంతుల్లా గారికి చెప్పారు.

వెంకాయమ్మ గారు ఎవరూ చెప్పకుండానే కాటా ఎక్కారు. నేను చదివాను. దిగి కోడలి చెయ్యి పట్టుకుని బయటి తలుపు వైపు నడవబోయారు.

"అమ్మగారూ, ఆ అమ్మాయిగారు కూడా ఎక్కాలండి" అన్నాను.

"మా కోడలు ఎక్కదు."

"ఇవాళ అందరూ ఎక్కాలండి."

"ఎందుకెక్కాలి? టిక్కెట్టు కొన్నాం. డాక్టరు కాయితం ఇచ్చాం. కడుపుతో ఉన్న పిల్లని ఉల్లిపాయల బస్తాలాగా కాటా ఎక్కిస్తారా? మీ ఇళ్ళల్లో ఆడాళ్ళు లేరా? ఎవరి తాలూకు అబ్బాయ్ నువ్వు?"

"కేసరపల్లి అండి. చర్చి పక్కన."

"మరి మీ అమ్మని ఇట్టాగే తూచావా?"

రహంతుల్లా గారు బల్ల దగ్గర నుంచి లేచి వచ్చారు. ఎండ సంగతి, గాలి సంగతి, కెప్టెను చెప్పిన సంగతి ఓపిగ్గా వివరించారు. వెంకాయమ్మ గారు అంతా విన్నారు.

"గాలి పల్చబడితే మేవేం చేస్తాం బాబూ? నన్ను ఇంకోసారి తూచుకో. రెండుసార్లు రాసుకో. దాని జోలికి మాత్రం రావొద్దు."

రహంతుల్లా గారు వెనక్కి వెళ్ళి ఒక దారి చూశారు. సుభద్రమ్మగారికి నిజం బరువు బదులు ఖాయం బరువు వేసి మొత్తం కూడారు. అది కెప్టెను చెప్పిన హద్దు దాటింది. ఆ అమ్మాయి చూడ్డానికే సన్నం. నిజంగా తూస్తే ఖాయం బరువు కంటే బాగా తక్కువ వస్తుందని మా ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. కానీ చూపుతో అంచనా వేసింది లోడ్ షీటులో రాయకూడదు. ఖాయం బరువే వేస్తే ఒక మనిషిని దించాలి. దించడానికి నియమం ఒకటే. చివర టికెట్టు కొన్నవాళ్ళు ముందు దిగాలి. పేర్లు చూస్తే చివర టికెట్టు కోటయ్య గారిది.

ఆ మాట చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచారు.

"నేను దిగడవేంటండీ! రేపు పొద్దున్నే మా అక్క కూతురి పెళ్ళి. మేనమామని. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి ఎవరు తెస్తారు? మీ పైలెట్టు తెస్తాడా?"

వరసలో ఎవరో, "ఆ తూకానికి బుట్టలో మీరే కూర్చోవాలేమో కోటయ్యగారూ" అన్నారు.

"నువ్వూరుకోవయ్యా బాబూ, ఇక్కడ నా కొంప మునుగుతుంటే!"

గొడవ విని మూర్తి గారు గదిలోంచి వచ్చారు. ఆయన కఠినుడు కాదు, కానీ మాట ఒకసారి అంటే మళ్ళీ మార్చే అలవాటు లేదు. తూచడానికి ఒప్పుకున్న మనిషిని దించి, ఒప్పుకోని మనిషిని పంపడం కుదరదన్నారు. విమానంలో పెట్రోలు నింపడం అయ్యేలోపు ఆ అమ్మాయి కాటా ఎక్కాలి. లేదంటే అత్తాకోడళ్ళిద్దరికీ టికెట్టు డబ్బు వెనక్కి ఇచ్చి, రాత్రి రైలుకు బెజవాడ స్టేషనులో దింపే ఏర్పాటు చేస్తామన్నారు. ఆలస్యమయ్యే కొద్దీ ఎండ పెరిగి హద్దు ఇంకా తగ్గుతుందని కూడా చెప్పి బయటికి వెళ్ళారు.

రైలు మాట వినగానే సుభద్రమ్మ ముఖం పాలిపోయింది. వెంకాయమ్మ గారు బెంచీ మీద కూలబడ్డారు. ఆ గొంతులో అంతకుముందున్న జోరు లేదు.

"నేనేదో చాదస్తానికి అనట్లేదు బాబూ" అన్నారు రహంతుల్లా గారితో. "పోయినేడు ఇట్టాగే ఏడో నెల. ధాన్యం ఆడించడానికి మిల్లుకెళ్ళాం. మా ఆడపడుచు పిల్లలు సరదాపడి దీన్ని మిల్లు కాటా ఎక్కించారు. అందరూ చుట్టూ చేరి ఎంతుంది, ఎంతుంది అని. వారం తిరక్కుండా కడుపు పోయింది. మగపిల్లాడు. అప్పట్నుంచీ ఆ మిల్లు గడప తొక్కలేదు నేను. ఇప్పుడు మళ్ళీ ఇంతమందిలో దీన్ని కాటా ఎక్కించి, ఈ అబ్బాయి మైకులాగా అరిస్తే... నా చేతులారా ఎట్టా ఎక్కించేది?"

కోటయ్య గారు బెంచీ దగ్గరికి వచ్చారు. నెమ్మదిగా అన్నారు.

"అక్కయ్యగారూ, కొండ మీద తులాభారం తూగమా? అదీ తూకమే కదండీ. అది దిష్టనుకుంటామా? ఆ పిల్ల ఎంత తూగితే అంత బెల్లం దేవుడికి మొక్కుకోండి. ఆ బెల్లం నేనిస్తాను. ఊరికే ఇస్తాను."

వెంకాయమ్మ గారికి ఒక్కసారిగా పౌరుషం వచ్చింది. "మా ఇంటి మొక్కుకి నీ బెల్లమా? మాకేం గతిలేదనుకున్నావా? అయినా అది దేవుడి త్రాసు. ఇది బస్తాల కాటా. దానికీ దీనికీ పోలికేంటి?"

"తప్పయిందండి" అన్నారు కోటయ్య గారు.

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని సుభద్రమ్మ నోరు విప్పింది. గొంతు ఎంత చిన్నదంటే, పక్కనే ఉన్న నాకే అతికష్టం మీద వినిపించింది.

"అత్తయ్యా, ఆరోజు కాటా వల్ల కాదు."

"ఏంటే?"

"మిల్లుకి బయల్దేరకముందే నాకు నడుంనొప్పి మొదలైంది. పొద్దున్నే. మీరు కంగారుపడతారని చెప్పలేదు."

వెంకాయమ్మ గారు కోడలి వైపు తిరిగారు.

"ఏడాదినుంచీ ఆ మాట నాతో అనలేదేం?"

"మీరు కాటాని తిడుతున్నారు కదా" అంది ఆ అమ్మాయి. "నన్ను తిట్టట్లేదు. అదే చాలనుకున్నా."

నేను కాటా వైపు తిరిగి పలక మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాను. అలాంటి మాట విన్నప్పుడు అక్కడ ఎలా నిలబడాలో తెలియదు. రహంతుల్లా గారు కూడా కాగితాలు సర్దుకుంటున్నారు. బయట పెట్రోలు బండి ఇంజను ఆగింది. అంటే ఇక ఎక్కువ సమయం లేదు.

వెంకాయమ్మ గారు లేచి కోడలి పైట సర్దారు. నుదుటి మీద చెమట తన కొంగుతో తుడిచారు. తిట్టలేదు, ఓదార్చలేదు. నా వైపు తిరిగి, "అబ్బాయ్, ఇటు రా" అన్నారు.

వెళ్ళాను.

"తూస్తే ఏవవుద్దో నాకు తెలవదు. ఏవీ కాదని ఇది అంటంది. అయినా సరే, ఊరికే తూచనివ్వను. దేవుడి పేరు చెప్పి తూస్తాను. ఆ అంకె నువ్వు అరవకూడదు. ఇక్కడున్నవాళ్ళలో ఒక్కళ్ళకి కూడా వినపడకూడదు. ఆ అద్దంలో ముల్లు కూడా ఎవరూ చూడకూడదు. అట్టా చేస్తానంటే ఎక్కిస్తా. లేకపోతే మీ రైలే ఎక్కిస్తా."

నేను రహంతుల్లా గారి వైపు చూశాను. పైకి చదవడం మా పద్ధతి అని చెప్పాను కదా. ఆయన, "నేనే లేచి వచ్చి ముల్లు చూసుకుని రాసుకుంటాలేమ్మా. ఏసోబు నోరు తెరవడు" అన్నారు.

వెంకాయమ్మ గారు తమ మరచెంబులోంచి దోసెడు నీళ్ళు తీసి ఇనప పలక మీద చల్లారు. కొంగుతో తుడిచారు. కోడలి చెప్పులు విప్పించారు, తనూ విప్పారు. నేను భుజం మీది తువ్వాలు తీసి అద్దం చుట్టూ అడ్డంగా పట్టుకున్నాను. ఒక పక్కన సందు వదిలాను, అందులోంచి రహంతుల్లా గారు, నేను మాత్రమే చూడగలిగేలా.

అప్పుడు కోటయ్య గారు చేసింది నాకు బాగా గుర్తుంది. చేతులు చాచి వరసనంతా గోడవైపు తిప్పారు. "తిరగండయ్యా, అందరూ అటు తిరగండి. పెద్దమనుషులు, మీకు వేరే చెప్పాలా? ఓ సూటు బాబూ, మీరూనండీ!" ప్రయాణికులందరూ, అంతకుముందు నవ్వినవాళ్ళూ, విసుక్కున్నవాళ్ళూ, గోడకేసి తిరిగి నిలబడ్డారు. మూర్తి గారు అదే సమయానికి లోపలికి వచ్చి, ఏమిటిదని అడగబోయి, విషయం గ్రహించి ఆయన కూడా తలుపు వైపు తిరిగారు.

వెంకాయమ్మ గారు రెండు చేతులూ జోడించారు. "ఏడుకొండలవాడా, ఈ పిల్ల ఇవాళ ఎంత తూగితే అంత బెల్లం నీ సన్నిధికి తెచ్చిస్తాను. తల్లిని, బిడ్డని నా ఇంటికి క్షేమంగా తీసుకురా." కోడలి మోచెయ్యి పట్టుకుని, "కుడికాలు ముందు పెట్టు" అన్నారు.

సుభద్రమ్మ ఎక్కింది. ముల్లు కొంచెం ఊగి ఆగింది. రహంతుల్లా గారు చూసి, తలాడించి, బల్ల దగ్గరికి వెళ్ళి రాసుకున్నారు. వెంకాయమ్మ గారు తల నా వైపు వంచారు. నేను ఆ అంకె ఆవిడ చెవిలో చెప్పాను. ఆవిడ పెదాలతో ఒకసారి అనుకుని, సరేనన్నట్టు చెయ్యి ఊపారు. ఆ అంకె ఇక్కడ కూడా రాయను. వినపడకూడదన్న షరతు మీదే ఆవిడ ఎక్కించారు.

మొత్తం కూడితే హద్దు లోపలే ఉంది. కోటయ్య గారు దిగనక్కర్లేదు, ఎవరి పెట్టెనూ దించనక్కర్లేదు. మూర్తి గారు లోడ్ షీటు మీద సంతకం చేసి కెప్టెనుకు పంపారు. మేం నిచ్చెన బండి విమానానికి ఆనించాం. ఆ ఎండకు దాని కమ్మీ పట్టుకోవడానికి వీల్లేకుండా కాలుతోంది. తువ్వాలు తడిపి కమ్మీ పొడవునా తుడిచాను. సుభద్రమ్మ మెల్లగా ఎక్కింది. వెనక వెంకాయమ్మ గారు, ఆ వెనక ఆవకాయ జాడీ మోస్తూ కోటయ్య గారు. జాడీ ఆయనది కాదు, వాళ్ళది. "జాగర్తయ్యా, ఒలికిందంటే నీ పెళ్ళిబట్టలు ఎర్రగా అవుతయ్యి" అని వెంకాయమ్మ గారు పైనుంచి అనడం విన్నాను. తలుపు వేశారు. చక్రాల దగ్గర అడ్డుగా పెట్టే దిమ్మెలు లాగేశాం. విమానం రన్‌వే చివరిదాకా వెళ్ళి, చాలా దూరం పరుగెత్తి, ఆఖర్న లేచింది. ఆ ఎండలో అది ఎప్పుడూ ఆఖర్నే లేచేది. అయినా ఆ రోజు షెడ్డులో అందరం బయటికొచ్చి చూశాం.

మా ఉద్యోగంలో ప్రయాణికులు తలుపు దాకానే మాకు తెలుస్తారు. ఆ తర్వాత వాళ్ళేమయ్యారో ఎవరూ వచ్చి చెప్పరు. వీళ్ళ సంగతి మాత్రం తెలిసింది. వానాకాలం వెళ్ళిపోయాక కోటయ్య గారు మళ్ళీ మద్రాసు వెళ్ళడానికి వచ్చారు. వస్తూనే కాటా దగ్గరికి వచ్చి నా భుజం తట్టారు.

"ఏవయ్యా ఏసోబూ, మన చల్లపల్లి అక్కయ్యగారు వన్ టౌన్ వచ్చిందయ్యా. ఆడపిల్లంట. తల్లీ పిల్లా బాగానే ఉన్నారంట. మొక్కు తీర్చుకోడానికి బెల్లం కొనుక్కెళ్ళింది."

"మీ కొట్లోనేనాండి?"

"ఆ మాట అడగమాక! నా కొట్టు ముందునుంచే నడిచెళ్ళి పక్క కొట్లో కొంది. అరగంట బేరం చేసింది. నేను ఉండబట్టలేక వెళ్ళి, ఇదేంటక్కయ్యా, మనోడి కొట్టుంటే అన్నా. 'నువ్వు ఊరికే ఇస్తానన్నావు. నీ దగ్గర కొంటే మొక్కులో సగం నీదవుద్ది, పో' అంది."

"ఎంత కొన్నారండి?"

"పక్కోణ్ణి అడిగా. చెప్పొద్దని ఒట్టేయించుకుందంటయ్యా ఆ మహాతల్లి!"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ అప్పటికే మా దగ్గర పని పద్ధతి మారింది. ఆ విమానం వెళ్ళిన సాయంత్రమే రహంతుల్లా గారు మూర్తి గారితో మాట్లాడారు. ఆడవాళ్ళు చాలామంది ఆ కాటా దగ్గర తలవంచుకుని ఎక్కుతున్నారనీ, మగవాళ్ళలో కూడా లావుగా ఉన్నవాళ్ళు, మరీ సన్నగా ఉన్నవాళ్ళు నవ్వులపాలవుతున్నారనీ చెప్పారు. పద్ధతి అంటే బరువు సరిగ్గా రాయడమా, గట్టిగా అరవడమా అని ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. మూర్తి గారు రూలు పుస్తకం తెప్పించి చూశారు. అందులో తూచాలని ఉంది, రాయాలని ఉంది, ఇద్దరు సరిచూసుకోవాలని ఉంది. పైకి చదవాలని ఎక్కడా లేదు. అది మాకంటే ముందున్న ఎవరో విమానం చప్పుడులో వినపడక మొదలుపెట్టిన అలవాటు. మూర్తి గారు గన్నవరంలో రేకుపని చేసే మేస్త్రీని పిలిపించి కాటా అద్దానికి మూడువైపులా రేకు తొడుగు చేయించారు. కాటాను బల్ల పక్కకు జరిపించారు. అప్పటినుంచి ట్రాఫిక్ అసిస్టెంటు కూర్చున్నచోటు నుంచే ముల్లు చూసి రాసుకునేవారు. నేను పక్కనుంచి చూసి సరేనని తల ఊపేవాణ్ణి. వరస కొంచెం నిదానంగా నడిచేది. కెప్టెన్లు ఒకరిద్దరు ఆలస్యమవుతోందని అడిగారు కూడా. దానికి మూర్తి గారే జవాబు చెప్పుకున్నారు.

తర్వాత పెద్ద విమానాలు వచ్చాయి, మనుషుల్ని తూచే అవసరం తగ్గిపోయింది. ఆ పాత కాటా షెడ్డులో మామిడి బుట్టలు తూచడానికి వెళ్ళింది. రేకు తొడుగు అడ్డమని అక్కడివాళ్ళు పీకేశారు.

నా సర్వీసులో నాకు అర్థమైంది ఇంతే. బరువు తప్పకుండా తూచాల్సిందే. ఎండ రోజున ఎవరికోసమూ దాన్ని వదలకూడదు. ఆ రోజు వెంకాయమ్మ గారు ఒప్పుకోకపోతే మూర్తి గారు వాళ్ళను రైలుకే పంపేవారు, అలా పంపడం సరైనదే అయ్యేది. కానీ విమానానికి కావలసింది బరువు ఒక్కటే. ఆ బరువు ఎవరిదో వరసలో నిలబడ్డవాళ్ళకు తెలియక్కర్లేదు. తప్పనిసరిగా చేయాల్సిన పనేదో, అలవాటుగా దానికి తగిలించిన పనేదో విడదీసి చూసుకుంటే ప్రయాణికులతో సగం గొడవలు ఉండవు. కొత్తగా చేరిన లోడర్లకు నేను కాటా పని నేర్పినప్పుడు మొదట చెప్పింది, ముల్లు నిలకడగా ఆగేదాకా చూడమని. రెండోది, చూసింది రాసే మనిషికి మాత్రమే చెప్పమని.